ఇంట లేని దేవదత్తుఁడు

మీమాంసాశాస్త్రములో అడుగుపెట్టిన విద్యార్థికి మొట్టమొదట పరిచయమగువారిలో దేవదత్తుఁడొకఁడు. అతఁడు జీవించియున్నాఁడు, ఇంట లేఁడు, కావున ఎచ్చటనో బయట నున్నాఁడు. దీనిని అర్థాపత్తి యందురు. తెలిసిన రెండు సంగతులకు పొత్తు కుదురనప్పుడు ఆ పొత్తు కుదుర్చుటకు మూఁడవ సంగతిని ఊహించుకొనుటయే అర్థాపత్తి. చదువుకొనునాఁడు ఈ యుదాహరణము నాకు మిక్కిలి చప్పగా తోఁచెడిది. ఇంట లేనివాఁడు బయట నుండక మఱెక్కడ నుండును? ఇంతమాత్రమునకు ఒక ప్రమాణమును ప్రత్యేకముగా అంగీకరింపవలయునా యని మా గురువుగారితో వాదించితిని. ఆయన నవ్వి, "నాయనా, బయట నున్నాఁడన్నచోటనే ఆఁగుట యెంత కష్టమో నీకిప్పుడు తెలియదు" అనిరి. ఆ మాట నాకు ఇరువదియేండ్లకు, ఒక పోలీసుకాగితముపై సంతకము చేసిన పిమ్మట అర్థమైనది.

న్యాయస్థానములలో దేవదత్తుని కథ యిట్లు నడచును. నేరము మోపఁబడినవాఁడు పిలుపునకు రాలేదు. వారంటు పంపిరి, మనిషి దొరకలేదు. అతఁడు పరారియైనాఁడని గాని, వారంటు అమలు జరుగకుండ దాఁగియున్నాఁడని గాని నమ్ముటకు కారణము కనఁబడినచో, సాక్ష్యము తీసికొనియైనను తీసికొనకయైనను, న్యాయస్థానము ఒక ప్రకటన చేయవచ్చును. ఫలానిచోట ఫలానిదినమున హాజరు కావలెనని అందులో వ్రాయుదురు. ఆ గడువు ప్రకటన వెలువడిన నాఁటినుండి ముప్పది దినములకు తక్కువ కారాదు. ప్రకటనను అతఁడు సాధారణముగా నివసించు ఊరిలో నలుగురికి కనఁబడుచోట బహిరంగముగా చదువవలెను. అతని యింటికో, ఊరిలోని ప్రముఖస్థలమునకో అంటింపవలెను. న్యాయస్థానభవనమునందును ఒక ప్రతి అంటింపవలెను. ఉచితమని తోఁచినచో దినపత్రికలో వేయింపవచ్చును. 1898 నాఁటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 87వ సెక్షనుగాను, 1973 నాఁటి కోడులో 82వ సెక్షనుగాను ఉండిన యీ విధానమే 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, చాలవఱకు అవే మాటలతో, 84వ సెక్షనుగా నిలిచియున్నది. సంఖ్యలు మాఱినవి, చావడిముందు నిలిచి కాగితము చదువవలసిన మనిషి మాఱలేదు.

ఆ కాగితము వెనుక వచ్చునవి చిన్నవి కావు. కారణములు వ్రాసి ఆస్తిని జప్తు చేయవచ్చును. గడువులోపల రానిచో అది ప్రభుత్వము చేతికి పోవును. ఆఱునెలల పిమ్మట అమ్మవచ్చును. ప్రకటనకు రాకుండుటయే వేఱొక నేరమై మూఁడేండ్లవఱకు, ఘోరాపరాధములలో ఏడేండ్లవఱకు కారాగారమునకు దారితీయును. ముందస్తు బెయిలు అడుగఁబోయినచో, ప్రకటిత నేరస్థునకు సాధారణముగా అది యీయరాదని సర్వోన్నతన్యాయస్థానము 2012లో చెప్పిన మాట యెదురగును. అది అన్ని సందర్భములలోను మూసివేసిన తలుపు కాదని 2024లో అదే న్యాయస్థానము చెప్పినది గాని, క్రిందికోర్టులలో మొదటిమాటకున్న పరపతి రెండవదానికి ఇంకను రావలసియున్నది.

ఇక నా సంతకము సంగతి చెప్పెదను.

మాది పాలమూరు సీమ. వానకాలపుపంట చేతికివచ్చిన పిమ్మట ఊరిలో సగమిండ్లకు తాళములు పడును. మేస్త్రి ముందుగా ఇచ్చిన బయానా పుచ్చుకొని కుటుంబములు పూనాకో ముంబయికో కట్టడపుపనులకు పోవును. పిల్లలు కూడ పోవుదురు. మా హాజరుపట్టీలో వారి పేరులకెదురుగా నిలువుగా సున్నలు పడుచుండును. ఇట్టి యూరిలో ఒకప్పుడు గట్టుతగాదా యొకటి కొట్లాటయై ఒకని చేయి విరిగెను. కేసులో పేర్కొన్న యైదుగురిలో నాలవవాఁడు మా బడిలో చదివిన విద్యార్థికి తండ్రి. సమను వచ్చునప్పటికి అతఁడు పూనాలో నుండెను. వారంటు వచ్చునప్పటికిని అక్కడనే యుండెను. కానిస్టేబులు వచ్చి అడుగఁగా ఇరుగుపొరుగు "ఊళ్లె లేడు" అని నిజమే చెప్పిరి. కాగితమునకు ఎక్కునప్పటికి ఆ మాట "తప్పించుకొని తిరుగుచున్నాఁడు" అని మాఱెను. మూఁడవసారి ప్రకటనతో వచ్చిన కానిస్టేబులు తాళము వేసిన తలుపునకు దానిని అంటించి, తిరిగిపోవుచు బడివద్ద ఆఁగి, "సార్, మీరు చదువుకున్నవారు, సాక్షిగా ఒక సంతకం పెట్టండి" అనెను. గ్రామములో నలుగురియెదుట బిగ్గరగా చదివి వినిపింపఁబడినదని అందులో ముందే వ్రాసియుండెను. ఎవ్వరును చదువలేదు. అది నేను ఎఱుఁగుదును. మధ్యాహ్నపు గంట కొట్టు వేళ యగుటచే వాదము పెట్టుకొనక సంతకము చేసితిని.

ఉగాదికి అతఁడు వచ్చెను. పండుగనాఁటి రాత్రియే పట్టుకొనిపోయిరి. పరారియైనవాఁడనుటచే బెయిలు వెంటనే దొరకలేదు; ఇరువదిరెండు దినములు చెఱలో నుండెను. అన్నదమ్ముల ఉమ్మడిచెలక జప్తులో చిక్కుకొనెను. ప్రకటితునకు కాక యితరులకు ఆ యాస్తిలో హక్కున్నచో జప్తునాఁటినుండి ఆఱునెలలలోపల అడ్డుచెప్పుకొనవచ్చునని శాసనమున్నది. అతని అన్నకు ఆ శాసనము తెలియదు, ఆ సంవత్సరము అతనికి పంటఋణము పుట్టలేదు. విడుదలయైన పిమ్మట అతఁడొకనాఁడు బడికి వచ్చి, కోపము లేకయే, నిజముగా తెలిసికొనఁగోరువానివలె అడిగెను: "సారూ, నా పేరు సదివినప్పుడు మా ఇంటికాడ ఎవరన్న ఉండిరా?" నేనేమియు చెప్పలేకపోతిని.

ప్రకటన ఫలానిదినమున సక్రమముగా జరిగినదని న్యాయస్థానము వ్రాసి ఇచ్చిన మాట తిరుగులేని సాక్ష్యమని శాసనము చెప్పుచున్నది. ఆ మాటకు ఆధారము కానిస్టేబులు నివేదిక. ఆ నివేదికకు బలము నా సంతకము. న్యాయమూర్తి ఊరికి వచ్చి చూడలేదు, చూడజాలఁడు. అతని నమ్మకమునకు మూలము తలుపుముందు నిలిచిన యిద్దఱి నిజాయితీ తప్ప మఱేమియు లేదు. రక్షణలన్నియు శాసనములో నున్నవి. అవి ప్రాణముతో నుండుటయో చచ్చుటయో అంటించు జిగురునొద్ద తేలిపోవును.

ఇచ్చట మీమాంసకులు చేసిన మఱియొక విచారణ పనికివచ్చును. వస్తువు కనఁబడకుండుటయే అది లేదనుటకు ప్రమాణమని భాట్టులు అనుపలబ్ధిని ఆఱవ ప్రమాణముగా అంగీకరించిరి. కాని వెంటనే ఒక పగ్గము వేసిరి. చీఁకటిగదిలో కుండ కనఁబడలేదన్నచో కుండ లేదని కాదు. ఉన్నచో తప్పక కనఁబడవలసిన పరిస్థితిలో కనఁబడకపోయిననే అది ప్రమాణము. దానికే యోగ్యానుపలబ్ధి యని పేరు. దీపము పట్టి వెదకితివా? అది మొదటి ప్రశ్న. "దొరకలేదు" అను పోలీసునివేదికను ఈ ప్రశ్నతో పరీక్షించు మేజిస్ట్రేటులు ఎందఱున్నారో! తాళమువేసిన యింటికి మూఁడుమాఱులు పోయి వచ్చుట వెదకుట కాదు. చీఁకటిగదిలోనికి మూఁడుమాఱులు తొంగిచూచుటయే. అతని ఫోనునంబరు పొరుగింటి ముసలమ్మయొద్ద నుండెను. మేస్త్రి పేరు ఊరంతయు ఎఱుఁగును. సమనులను విద్యున్మార్గమున పంపుటకు క్రొత్త సంహిత అవకాశమిచ్చినది. ప్రకటన విధములను చెప్పు సెక్షనులో మాత్రము ఆ మాట లేదు.

మన ప్రాచీనులు ఈ విషయమున మొద్దులు కారు. వ్యవహారములో హీనులని యెంచఁదగినవారిని నారదుఁడు ఐదువిధములుగా చెప్పెను. వారిలో రానివాఁడొకఁడు, ఆహూతప్రపలాయి వేఱొకఁడు. ఇరువురును నిందార్హులే, కాని ఇరువురును ఒక్కరు కారు. ఆహూతప్రపలాయి యను సమాసమును విడఁదీసి చూడుఁడు: మొదట ఆహూతుఁడు, పిమ్మట ప్రపలాయి. పిలువఁబడనివాఁడు పాఱిపోఁజాలఁడు, ఎచ్చటికేని పోఁగలఁడు, అంతియే. ఆ స్మృతియే నిర్బంధింపఁగూడనివారిని పేర్కొనుచు రోగిని, పెండ్లికి సిద్ధమైనవానిని, యాపదలో నున్నవానిని, పసులఁగాచు గోపాలుని, పంటవేళ సేద్యగానిని, పనిలో నున్న శిల్పిని, యుద్ధములోని సైనికుని చెప్పినది. ఈ పట్టికలో సగముమంది పనికిపోయినవారే యనుట గమనింపఁదగినది. స్మృతులలోని వర్ణభేదమును దండభేదమును నేను సమర్థింపను. వానిని విడిచిపెట్టి మనము మంచిపని చేసితిమి. కాని పనిలో నున్నవాఁడు దాఁగినవాఁడు కాఁడను ఇంగితమును కూడ వానితోపాటు ఎందుకు విడువవలె?

నిజముగా పాఱిపోయినవాని విషయమైనను తొందర కూడదు. ఘోరమైన యనుమానము తనపై పడినప్పుడు నిర్దోషియు బెదరి పట్టుపడకుండ తిరుగవచ్చుననియు, అది ఆత్మరక్షణబుద్ధియే కాని దోషమునకు రుజువు కాదనియు సర్వోన్నతన్యాయస్థానము 1971లోనే చెప్పినది. పోలీసుస్టేషనును బయటినుండి చూచిన ప్రతివాఁడును ఆ తీర్పులోని సత్యమును తీర్పు చదువకయే గ్రహించును.

దేవదత్తుని యనుమానమునకు ఇంకొక మూలమున్నది: అతఁడు జీవించియున్నాఁడని మనకు తెలిసియుండవలెను. ఆ మాట యెంత ముఖ్యమో న్యూరెంబర్గు విచారణ తెలిపినది. హిట్లరునకు కార్యదర్శియైన మార్టిన్ బోర్మన్ దొరకలేదు. రేడియోలోను పత్రికలలోను పిలుపు ప్రకటించి, అతని పక్షమున ఒక న్యాయవాదిని నియమించి, అతఁడు లేకయే విచారించిరి. తన కక్షిదారు చనిపోయినాఁడని ఆ న్యాయవాది వాదించెను. మరణమునకు నిశ్చయమైన సాక్ష్యము లేదని న్యాయపీఠము త్రోసిపుచ్చి 1946 అక్టోబరు 1వ తేదీన ఉరిశిక్ష విధించెను. 1972లో బెర్లిను నగరమున త్రవ్వకములలో ఎముకలు బయటపడెను. 1998లో జన్యుపరీక్ష అవి అతనివే యని స్థిరపఱచెను. 1945 మే మాసారంభముననే, అనఁగా విచారణ మొదలగుటకు ఆఱునెలలకు ముందే, అతఁడు మరణించియుండెను. అట్టివానికై కన్నీరు కార్చు నుద్దేశము నాకు లేదు. ప్రపంచమంతయు చూచుచుండఁగా, లోపము రాకూడదని యంత జాగ్రత్తపడిన న్యాయపీఠమే ఒక శవమును పిలిచి, రాలేదని వ్రాసికొన్నది. ఐనను ఆ తీర్పులో ఒక వాక్యము నాకు గౌరవము కలిగించును: అతఁడు బ్రదికియుండి పట్టుపడినచో శిక్షను తగ్గించు విషయమును మరల పరిశీలింపవచ్చునని వ్రాసిరి. తాము చీఁకటిలో చూచుచున్నామను ఎఱుక వారికుండెను.

రోమునగరమున జరిగినది ఇంతకంటె సామాన్యమైన కథ, కావుననే మనకు దగ్గరిది. మోసపునేరము మోపఁబడిన యొకఁడు ఇల్లు మాఱెను. నోటీసులు పాతయింటికి పోయి తిరిగివచ్చెను. అతఁడు కావలెనని తప్పించుకొనుచున్నాఁడని నిర్ణయించి, అతఁడు లేకయే 1976లో ఆఱేండ్ల శిక్ష వేసిరి. ఆ నగరపు పోలీసులే వేఱొక కేసులో అతని క్రొత్త చిరునామాను కనుగొనియుండిరి! యూరోపీయ మానవహక్కుల న్యాయస్థానము 1985లో ఇది న్యాయము కాదని తీర్పు చెప్పెను. హక్కును వదులుకొన్నాఁడనుటకు సందేహములేని రుజువుండవలెననియు, తాను తప్పించుకొనలేదని రుజువు చేసికొను బరువును నిందితుని నెత్తిన పెట్టరాదనియు ఆ తీర్పులోని సారము. అది మనకు శాసనము కాదు. కాని మన శాసనమును దాని ప్రక్కన పెట్టి చూచుట మంచిది. మన సంహితలో జప్తైన యాస్తిని రెండేండ్లలోపల తిరిగి పొందుటకు ఒక దారియున్నది: తాను పరారి కాలేదనియు, సకాలమున వచ్చుటకు తగినంతగా ప్రకటనసంగతి తనకు తెలియలేదనియు నిందితుఁడు రుజువు చేయవలెను. ప్రకటింపఁబడుట వేఱు, తెలియుట వేఱని మన శాసనమే యిచ్చట ఒప్పుకొన్నది, అంతవఱకు సంతోషమే. కాని బరువు అతనిపైననే పెట్టినది. తెలియకుండుటకు సాక్షిని ఎక్కడినుండి తేఁగలఁడు?

ఇదివఱకు పరారియైనవాని లేమిలో సాక్ష్యమును వ్రాసి దాఁచుకొనుటకే వీలుండెను. ఇప్పుడు 356వ సెక్షనుచే విచారణను, తీర్పును గూడ నడపవచ్చును. ఈ సెక్షనును కేవలము తెగడుట న్యాయము కాదు. ముప్పది దినములైన యెడముతో రెండు వారంటులు పంపవలెను. చివరి చిరునామా గల ప్రాంతపు దినపత్రికలో వేయవలెను. బంధువునకో మిత్రునకో తెలుపవలెను. ఇంటికి అంటింపవలెను, పోలీసుస్టేషనులో ప్రదర్శింపవలెను. అభియోగము ఖాయపఱచిన పిమ్మట తొంబది దినములు ఆఁగవలెను. న్యాయవాది లేనిచో ప్రభుత్వవ్యయమున నియమింపవలెను. బంధుమిత్రులకు తెలుపుమనుట నిజముగా దీపము పట్టుటయే. కాని యీ జాగ్రత్త పదిసంవత్సరములు గాని అంతకు మించి గాని శిక్షగల నేరములలో ప్రకటితులైనవారికి మాత్రమే, విచారణ గడపవద్దనే మొదలగుచున్నది. నాలుగవ నిందితునివంటి చిన్నకేసువానికి జప్తునకు ముందు ఇదేమియు లేదు. పైఁగా పరారియగుటయే తన యెదుట విచారింపఁబడు హక్కును వదులుకొనుటగా ఆ సెక్షను భావించుచున్నది. వదులుకొనుట చేతిలో నున్న వస్తువు విషయమున జరుగును. తెలియని పిలుపును ఎవఁడు వదులుకొనఁగలఁడు? తీర్పుపై అప్పీలునకు తానే వచ్చి నిలువవలెను, అదియు మూఁడేండ్లలోపల. నిజముగా తెలియనివాఁడు నాలవయేట తిరిగివచ్చినచో ఏమి చేయవలెనో ఆ సెక్షను చెప్పలేదు.

ఇంకొక పోలిక చూడుఁడు. నూఱుకోట్ల రూపాయలకు తక్కువ కాని నేరముచేసి దేశము విడిచినవారికొఱకు 2018లో ప్రత్యేకశాసనము చేసిరి. ఆ శాసనము కఠినమే. కాని అందులో హాజరగుటకు గడువు ఆఱువారములకు తక్కువ కారాదు. నోటీసును ఈమెయిలునకు కూడ పంపవచ్చును. తాను రాకున్నను న్యాయవాదిని పంపినచో ప్రత్యుత్తరమునకు ఇంకొక వారము దొరకవచ్చును. విమానమెక్కి పోయినవానికి ఆఱువారములును ఈమెయిలును. ఎఱ్ఱబస్సెక్కి పోయినవానికి ముప్పది దినములును జిగురుకాగితమును.

చేయి విరిగినవాఁడు కూడ మా యూరివాఁడే యని మఱచి వ్రాయుటలేదు. అతఁడు ఎన్నిమాఱులో తాలూకాకోర్టునకు పోయి, నిందితులలో ఒకఁడు రాలేదని వాయిదా తీసికొని, కూలి పోఁగొట్టుకొని తిరిగివచ్చెను. సాక్షులలో ఒక ముదుసలి యీలోపల చనిపోయెను. కావలెనని దాఁగువారున్నారు, పెండ్లాము పెట్టిన కేసుకు జడిసి విదేశములలో తిష్ఠవేసిన విద్యావంతులును మన జిల్లాలలో నున్నారు. ప్రకటన, జప్తు అను నాయుధములు లేనిచో న్యాయస్థానము వీరియెదుట నిస్సహాయమగును. అందుచేతనే ఆ యాయుధము నిజముగా దాఁగినవానిపై పడునట్లు చూచుట ఫిర్యాదుదారునికి గూడ మేలు. నాలవనిందితుని చెఱలో పెట్టినందున చేయి విరిగినవానికి ఒక్క వాయిదాయైనను తగ్గలేదు. పరారిసంగతిపై జరిగిన వాదప్రతివాదములకే ఇంకొక యేడాది గడచెను. ఫోనుచేసి పిలిచియున్నచో రెండుదినములలో వచ్చెడివాఁడని ఇప్పుడిద్దఱును ఒకే అరుగుపై కూర్చుండి చెప్పుచుందురు.

గడచిన కార్తికమున మఱియొక కానిస్టేబులు మఱియొక కాగితముతో బడికి వచ్చెను. సంతకము చేసెదను గాని ముందు చదువుమంటిని. అతఁడు కొంత విసుగుకొని, చావడియొద్దకు నడచి, నేనును ఇద్దఱు ముసలివాండ్రును వినుచుండఁగా పేరు మొదలు తేదీ వఱకు చదివెను. అందులో ఒక ముసలివాఁడు, "వాడు ముంబైల ఉన్నడు గదా, మేస్త్రికి ఫోన్ జేద్దాం" అనెను. ఫోనులో మనిషి దొరకెను, తేదీ చెప్పితిమి. నేను సంతకము చేసి దానిక్రింద, నిందితుఁడు ఫలానినంబరునందు దొరకెననియు, పనికై ముంబయిలో నున్నాఁడనియు, దాఁగియుండలేదనియు వ్రాయఁబోఁగా కానిస్టేబులు ఆపి, "సార్, దీనికి ఇందులో గడి లేదు" అనెను. కాగితమును త్రిప్పి చూచితిమి. వెనుకవైపంతయు ఖాళీగానే యుండెను, అక్కడ వ్రాసితిని.